కాలువ గట్టు మీద చలన పాఠాలు: టేపు, గోళీ, కొబ్బరికాయలతో మొదటి నుంచి

చలనం అధ్యాయంలో ముఖ్యమైన సూత్రాలు మూడే. వాటిని బట్టీ పట్టడానికి రెండు రోజులు చాలు. కానీ లెక్కలో "నదికి అడ్డంగా", "వెనక్కి తిరిగి", "నిశ్చల స్థితి నుంచి" అన్న మాటలు రాగానే చాలామంది పిల్లల కలం ఆగిపోతుంది. సూత్రంలో ప్రతి అంకె ఒక కొలత. ఎక్కడి నుంచి, ఏ దిక్కుగా, ఏ క్షణం నుంచి కొలిచారో తెలియకపోతే సూత్రం నోటికి వచ్చినా లెక్క తేలదు. గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకి ఆ కొలతలు నేర్పే వసతి ఊళ్లోనే ఉంది: పారే కాలువ, చదునైన గట్టు రోడ్డు, రేవు, కొబ్బరి తోట. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలూ, వాళ్లకు చెప్పే పెద్దలూ ఈ కొలతలన్నీ ఇదే వరసలో చేసుకోవచ్చు.

కావలసినవి: ముప్ఫై మీటర్ల గుడ్డ టేపు (లేకపోతే మీటరుకొక ముడి వేసిన నైలాన్ తాడు), స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, సుద్దముక్క, సైకిలు, రెండు మీటర్ల ఎలక్ట్రికల్ కేసింగు పట్టీ, గాజు గోళీలు, కుట్టు దారం, గ్రాఫు కాగితం, పీచు తియ్యని ఎండు కొబ్బరికాయ ఒకటి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది కాబట్టి ముడులు వేశాక ఒకసారి టేపుతో సరిచూసుకోండి.

ముందు ఎక్కడి నుంచి చూస్తున్నారో తేల్చుకోండి

నరసాపురం రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించిన మోటారు సైకిలును తీసుకోండి. పంటు మీద నిలబడ్డవాళ్లకి అది కదలడం లేదు. గట్టు మీద ఉన్నవాళ్లకి కదులుతోంది. ఇద్దరూ చెప్పేది నిజమే, ఎందుకంటే ఎవరి కొలత వాళ్లు నిలబడ్డ చోటి నుంచి. అందుకే ఏ లెక్క మొదలుపెట్టినా కాగితం పైన రెండు మాటలు రాయాలి: సున్నా ఎక్కడ, ప్లస్ ఎటు. "సున్నా: కరెంటు స్తంభం. ప్లస్: దిగువ వైపు" అని రాసుకుంటే చాలు. ఈ ఒక్క అలవాటుతో గుర్తుల తప్పులు సగం పోతాయి.

దూరం వేరు, స్థానభ్రంశం వేరు. నరసాపురం రేవు నుంచి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవుకి పంటు మీద వెళితే వశిష్ఠ పాయ వెడల్పు దాటితే సరి. పంటు ఆపేసిన రోజున చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. తిరిగిన దూరం ఎన్నో రెట్లు పెరిగింది. స్థానభ్రంశం మాత్రం అదే, ఎందుకంటే అది బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి గీసిన తిన్నని గీత, దాని దిక్కుతో సహా. ఫోన్ మ్యాపులో రోడ్డు దూరం ఒకసారి, రెండు రేవుల మధ్య నేరు దూరం ఒకసారి చూసి రెండూ పక్కపక్కన రాయండి.

దూరాన్ని కాలంతో భాగిస్తే వడి. స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వేగం, దానికి దిక్కు ఉంటుంది. చెరువు చుట్టూ సైకిలు మీద ఒక చుట్టు పూర్తిగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చారనుకోండి. సరాసరి వడి సెకనుకి 4 మీటర్లు ఉండొచ్చు. సరాసరి వేగం మాత్రం సున్నా.

గట్టు రోడ్డు మీద సైకిలు

బండ్ల రాకపోకలు తక్కువున్న, తిన్నగా ఉన్న 70 మీటర్ల రోడ్డు చూసుకోండి. నడుమ 50 మీటర్లకు పది మీటర్లకొక సుద్దగీత గియ్యండి. సున్నా గీతకు పది పన్నెండు మీటర్ల వెనక నుంచి తొక్కడం మొదలుపెట్టాలి. సున్నా దగ్గరే ఎక్కి తొక్కితే మొదటి పది మీటర్లలో వడి ఇంకా పెరుగుతూ ఉంటుంది, సమచలనం దొరకదు. 10, 20, 30, 40, 50 మీటర్ల గీతల దగ్గర ఒక్కొక్కరు ఫోనుతో నిలబడాలి. ముందు చక్రం సున్నా గీతను తాకగానే అక్కడున్నవారు ఎత్తిపట్టిన తువ్వాలు దించాలి. అందరూ దాన్ని చూసి వాచీ మొదలుపెట్టి, చక్రం తమ గీతను తాకగానే ఆపాలి. ఈలతో సంజ్ఞ ఇవ్వకండి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి 50 మీటర్ల దూరాన ఉన్నవారికి 0.15 సెకను ఆలస్యంగా వినపడుతుంది.

మామూలుగా తొక్కితే వచ్చే కొలతలు ఇలా ఉంటాయి: 10 మీటర్లకు 2.6 సెకన్లు, 20కి 5.0, 30కి 7.6, 40కి 10.1, 50కి 12.6. యాభైని 12.6తో భాగిస్తే సెకనుకి 3.97 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 14.3 కిలోమీటర్లు. ఈ 3.6 ఎక్కడిదంటే, గంటలో 3600 సెకన్లు, కిలోమీటరులో 1000 మీటర్లు, మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చింది. గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకి సరిగ్గా 5 మీటర్లని గుర్తుంచుకుంటే మిగతావి నోటిలెక్కగా కట్టుకోవచ్చు.

కన్ను చూసి వేలు నొక్కేసరికి మనిషికి 0.2 సెకను దాకా పడుతుంది. పది మీటర్లకు పట్టిన 2.6 సెకన్లలో అది దాదాపు 8 శాతం తప్పు. యాభై మీటర్లకు పట్టిన 12.6 సెకన్లలో 2 శాతం కూడా కాదు. వాచీ అదే, వేలూ అదే, కొలిచే దూరం పెంచితే తప్పు తగ్గిపోయింది. ఖరీదైన వాచీ కొనడం కన్నా ఇది మేలైన దారి.

సరాసరి వడి దగ్గర దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. ఆరు కిలోమీటర్ల దూరం వెళ్లేటప్పుడు గాలి వాటున గంటకు 12 కిలోమీటర్లు, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలిలో గంటకు 6 కిలోమీటర్లు తొక్కారు. సరాసరి 9 అని రాస్తారు. వెళ్లడానికి అరగంట, రావడానికి గంట పట్టింది. పన్నెండు కిలోమీటర్లకు గంటన్నర, అంటే సరాసరి గంటకు 8. నెమ్మదిగా తొక్కిన భాగానికి ఎక్కువ సమయం పట్టింది కాబట్టి సరాసరి అటువైపు ఒరిగింది. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతోనే భాగించాలి. రెండు వడులను కూడి సగం చెయ్యడం, ఆ రెండు వడులతో గడిపిన కాలాలు సమానమైనప్పుడే చెల్లుతుంది.

కాలువ నీటి వడి, దాంతోపాటు క్యూసెక్కులు

కాలువలు కట్టేసే వేసవి రోజుల్లో కాకుండా, నీరు బాగా పారుతున్నప్పుడు చెయ్యండి. వంపు, లాకు, తూము దగ్గరలో లేని తిన్నని 20 మీటర్లు గట్టు మీద కొలిచి రెండు చివర్లా కర్రలు పాతండి. నీళ్లలోకి దిగవద్దు. కాయను పైనున్న వంతెన మీద నుంచో గట్టు నుంచో వెయ్యొచ్చు. ఎండు కొబ్బరికాయ ఇందుకు బాగా పనికొస్తుంది. చాలా భాగం మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని నెట్టలేదు. థర్మోకోల్ ముక్క నీటి మీద తేలి గాలికి పరుగెడుతుంది. గుర్రపుడెక్క ఆకులు తెరచాపలా పనిచేస్తాయి. ఆ రెండింటితో కొలిస్తే వచ్చేది గాలి లెక్క, నీటి లెక్క కాదు.

కాయను మొదటి కర్రకు ఐదు మీటర్ల ఎగువన, కాలువ నడిమిలో పడెయ్యండి. మొదటి కర్ర చేరేలోపు అది నీటి వడిని అందుకుంటుంది. రెండు కర్రల మధ్య 40 సెకన్లు పట్టిందంటే వడి సెకనుకి 0.5 మీటరు. మూడుసార్లు కొలిచి సరాసరి తియ్యండి. తర్వాత గట్టు వారన వేసి కొలవండి. అక్కడ నీరు గట్టుకు రాచుకుంటూ పోతుంది కాబట్టి వడి తక్కువ. అడుగునా అంతే. అందుకే పైనీటి వడిని 0.85తో గుణించి మొత్తం నీటికి సరాసరి వడిగా తీసుకోవడం వాడుక.

ఇక్కడిదాకా వచ్చాక క్యూసెక్కులు, అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో, కట్టకుండా వదిలితే వెలితిగా ఉంటుంది. కాలువ వెడల్పు 8 మీటర్లు, సరాసరి లోతు ఒకటిన్నర మీటరు అయితే అడ్డుకోత 12 చదరపు మీటర్లు. 12 × 0.5 × 0.85 = సెకనుకి 5.1 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు కాబట్టి దాదాపు 180 క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 28 వేల ఘనపు మీటర్లకు పైగా నీరు. వార్తల్లో వినే ఆ అంకె వెనక కూడా ఉన్నది దూరం, కాలమే.

సముద్రానికి దగ్గరి పాయల్లో, మురుగు కాలువల్లో కొలిస్తే ఒక చిక్కు ఉంది. పోటు వేళ నీరు ఎగువకు తిరుగుతుంది. దిగువ వైపు ప్లస్ అని ముందే రాసుకున్నారు కాబట్టి ఆ వేగానికి మైనస్ గుర్తు పెట్టండి. మైనస్ వేగమంటే తగ్గుతున్న వేగమని అనుకోకండి. అది దిక్కు తెలిపే గుర్తు.

రేవు దాటే పడవ

దిక్కుల లెక్క బాగా పట్టుబడేది ఇక్కడే. కాబట్టి తొందర పడవద్దు.

పాయ వెడల్పు 400 మీటర్లు, నిలకడ నీటిలో పడవ వడి సెకనుకి 2 మీటర్లు, ప్రవాహం వడి సెకనుకి 0.5 మీటరు అనుకుందాం. సరంగు పడవ ముక్కును తిన్నగా ఎదుటి రేవుకే పెట్టి నడిపాడు. ఎన్ని సెకన్లలో దాటుతాడు? నాలుగు వందలను రెండుతో భాగించండి, 200 సెకన్లు. ప్రవాహం ఈ కాలాన్ని పెంచదు, తగ్గించదు. అది పడవను దిగువకు తోస్తుందే తప్ప ఒడ్డు వైపు గానీ వెనక్కి గానీ తొయ్యదు. కానీ ఆ 200 సెకన్లలో పడవ దిగువకు 0.5 × 200 = 100 మీటర్లు కొట్టుకుపోయి, రేవు తప్పి కింద ఎక్కడో ఆనుతుంది.

దీన్ని కాగితం మీద గీసి చూడండి. ఒక సెంటీమీటరుకి సెకనుకి 0.25 మీటరు అని కొలమానం పెట్టుకోండి. ఎదుటి ఒడ్డు వైపు 8 సెంటీమీటర్ల బాణం, దాని కొన నుంచి దిగువ వైపు లంబంగా 2 సెంటీమీటర్ల బాణం. మొదటి దాని మొదలు నుంచి రెండో దాని కొనకు గీత కలిపి స్కేలుతో కొలిస్తే 8.2 సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. అంటే గట్టు మీద నుంచి చూసేవారికి పడవ వడి సెకనుకి దాదాపు 2.06 మీటర్లు. పిల్లలు 2, 0.5 కూడి 2.5 అని రాసేస్తారు. ఆ కూడిక పడవ ప్రవాహం వాలున పోతున్నప్పుడు సరైనది. ఎదురెక్కుతుంటే తీసివేత, 1.5. అడ్డంగా పోతుంటే బాణాలు గీసుకోవాల్సిందే.

ఎదుటి రేవులోనే తిన్నగా దిగాలంటే? పడవ నడిపేవాళ్లు ముక్కును ఎగువకు పట్టి నడుపుతారు. ఎంత ఎగువకు అనేది లెక్కగట్టొచ్చు. పడవ వేగంలో ఎగువ వైపు భాగం సరిగ్గా 0.5 ఉంటే ప్రవాహంతో చెల్లుకు చెల్లు. 0.5ని 2తో భాగిస్తే 0.25. సైను విలువ 0.25 అయిన కోణం సుమారు 14.5 డిగ్రీలు. అప్పుడు ఒడ్డు వైపు మిగిలే వడి 1.94 మీటర్లు, దాటడానికి 207 సెకన్లు. ఏడు సెకన్లు ఎక్కువ పట్టింది, రేవు మాత్రం దక్కింది.

ఇప్పుడు వరద వచ్చి ప్రవాహం వడి సెకనుకి 2.5 మీటర్లయిందనుకోండి. ముక్కును పూర్తిగా ఎగువకు తిప్పినా పడవకున్నది 2 మీటర్లే. ఏ కోణం పట్టినా తిన్నగా అవతలికి చేరడం ఆ పడవ వల్ల కాదు. వరద రోజుల్లో పంట్లు, పడవలు కట్టేయడానికి సుడులు, కొట్టుకొచ్చే దుంగలు, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. ఈ లెక్క వాటిలో ఒకటి.

కేసింగు పట్టీలో గోళీ: త్వరణం

వేగం మారే రేటు త్వరణం. సైకిలుతో దీన్ని కొలవడం కష్టం, ఎందుకంటే కాలు ఒకే బలంతో తొక్కదు. వాలు మీద దొర్లే గోళీకి ఆ బెడద లేదు. కేసింగు పట్టీని బల్ల మీద పరిచి ఒక చివర కింద 4 సెంటీమీటర్ల ఎత్తు పుస్తకాలు పెట్టండి. నడుమ ఎక్కడా కుంగకుండా కింద అక్కడక్కడా అట్టముక్కలు దోపండి. పట్టీ కుంగితే వాలు మారుతుంది, కొలతలన్నీ పాడవుతాయి. గోళీని పైన స్కేలుతో ఆపి, స్కేలును చటుక్కున ముందుకు ఎత్తెయ్యండి. వేళ్లతో వదిలితే తెలియకుండానే కొంచెం తోస్తాం, అప్పుడు తొలి వేగం సున్నా కాదు.

మొదటి అర మీటరుకి సుమారు 2.7 సెకన్లు, మొత్తం రెండు మీటర్లకు సుమారు 5.3 సెకన్లు వస్తాయి. పట్టీ గరుకుగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. దూరం నాలుగు రెట్లయింది, కాలం రెండు రెట్లే అయింది. దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉందన్నమాట. నిశ్చల స్థితి నుంచి కదిలితే దూరం = సగం × త్వరణం × కాలం × కాలం. రెండు మీటర్లను రెట్టించి, 5.3 వర్గంతో, అంటే 28తో భాగిస్తే త్వరణం 0.14 వస్తుంది. దీని ప్రమాణం సెకనుకి, మళ్లీ సెకనుకి, ఇన్ని మీటర్లు: ఒక్కో సెకను గడిచేకొద్దీ గోళీ వడి సెకనుకి 0.14 మీటరు చొప్పున పెరుగుతోంది.

ఇదే పట్టీతో, వాచీ లేకుండా చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. దీన్ని మాత్రం వదలవద్దు. మొదటి నుంచి 12.5, 50, 112.5 సెంటీమీటర్ల దగ్గర పట్టీ గాడి లోపల, గోళీ దొర్లే అడుగు మీద, సన్నని కుట్టు దారం అడ్డంగా బిగువుగా అంటించండి. 200 దగ్గర ఒక చిన్న రేకు ముక్క నిలబెట్టండి. గోళీ దారాన్ని దాటినప్పుడల్లా 'టిక్' మంటుంది. దారాల మధ్య దూరాలు చూస్తే 12.5, 37.5, 62.5, 87.5, అంటే 1, 3, 5, 7 నిష్పత్తి. చెవికి మాత్రం టిక్కులు సమాన వ్యవధిలో, తాళం వేసినట్టు వినిపిస్తాయి. దారాలను 50 సెంటీమీటర్లకొకటి సమానంగా అంటించి మళ్లీ దొర్లిస్తే తాళం పోతుంది, టిక్కులు రానురాను దగ్గరవుతాయి. దారం మందంగా ఉంటే గోళీ దాని దగ్గర తడబడి లెక్క చెడుతుంది, కుట్టు మిషను దారమే వాడండి. 17వ శతాబ్దపు మొదట్లో గెలీలియో ఈ వాలు పద్ధతినే ఎంచుకున్నాడు. సెకన్లు చూపే గడియారం ఆయనకు లేదు. సన్నని గొట్టం గుండా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు.

కొబ్బరికాయ పడేటప్పుడు

వాలు నిట్టనిలువైతే త్వరణం 9.8. పన్నెండు మీటర్ల చెట్టు నుంచి కాయ నేలను చేరే కాలం: 24ని 9.8తో భాగించి వర్గమూలం తియ్యండి, దాదాపు 1.56 సెకన్లు. చేరేటప్పటి వడి 9.8 × 1.56, సెకనుకి 15.3 మీటర్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లు. దింపు జరిగే చోట చెట్టు కింద ఎవరూ నిలబడకూడదనడానికి ఈ అంకె చాలు. కొలవాలంటే దూరంగా నిలబడి ఫోనులో వీడియో తియ్యండి. మామూలు వీడియోలో సెకనుకి 30 బొమ్మలుంటాయి, బొమ్మలు లెక్కపెడితే కాలం తెలుస్తుంది. వేలితో నొక్కితే 0.2 సెకను తప్పు ఇక్కడ 13 శాతం దాకా పోతుంది.

గెల మొత్తం పడినా, ఒక్క కాయే పడినా కాలం దాదాపు ఒకటే. ఎండు మట్ట మాత్రం ఆలస్యంగా వస్తుంది, కారణం బరువు తక్కువని కాదు, గాలి అడ్డుకోవడం. ఇంట్లో చూడాలంటే ఒక నోటు పుస్తకాన్ని, ఒక కాగితాన్ని పక్కపక్కన వదలండి. తర్వాత అదే కాగితాన్ని పుస్తకం మీద, అంచులు బయటికి రాకుండా పెట్టి వదలండి. రెండూ కలిసే పడతాయి.

గ్రాఫు గీసేటప్పుడు

సైకిలు కొలతలను గ్రాఫు మీద పెట్టండి: అడ్డంగా కాలం, నిలువుగా దూరం. చుక్కలన్నిటినీ విరిగిన గీతతో కలపకుండా, వాటి మధ్యగా పోయే ఒక్క తిన్నని గీత స్కేలుతో గియ్యండి. దాని వాలే వడి. గోళీ గ్రాఫు వంపు తిరిగి పైకి లేస్తుంది. ఇది రోడ్డు బొమ్మ కాదు; గీత పైకి పోతే బండి ఎత్తెక్కుతోందని కాదు.

వేగం–కాలం గ్రాఫులో గీత కింద వైశాల్యమే స్థానభ్రంశం. తిన్నని రోడ్డు మీద స్టాపులో బయలుదేరిన ఆర్టీసీ బస్సు 20 సెకన్లలో సెకనుకి 10 మీటర్ల వేగం అందుకుని, 60 సెకన్లు అలాగే పోయి, 10 సెకన్లలో ఆగిందనుకోండి. మొదటి త్రిభుజం 100, నడిమి దీర్ఘచతురస్రం 600, చివరి త్రిభుజం 50, మొత్తం 750 మీటర్లు. త్వరణం మొదట 0.5, నడుమ సున్నా, చివర మైనస్ 1. దూరం–కాలం గ్రాఫులో అడ్డగీత అంటే బండి ఆగి ఉంది. వేగం–కాలం గ్రాఫులో అడ్డగీత అంటే ఒకే వేగంతో పోతోంది. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఈ తేడా దగ్గరే.

ఎందుకు కదులుతుంది, ఎందుకు ఆగుతుంది

సైకిలును సెకనుకి 4 మీటర్ల వడికి తెచ్చి, ఒక గీత దగ్గర తొక్కడం ఆపండి. బ్రేకు వెయ్యవద్దు. ఆగిన చోటు దాకా కొలవండి. 64 మీటర్లు వచ్చిందనుకుందాం. తుది వేగం వర్గం = తొలి వేగం వర్గం + 2 × త్వరణం × దూరం. సున్నా = 16 + 128 × త్వరణం, కాబట్టి త్వరణం మైనస్ 0.125. మనిషి, సైకిలు కలిపి 70 కిలోలైతే ఆపిన బలం 70 × 0.125, సుమారు 9 న్యూటన్లు. మామూలుగా తొక్కుతూ ఒకే వడితో పోతున్నప్పుడు మీ కాళ్లు చక్రం ద్వారా ముందుకిచ్చే బలం కూడా సుమారు అంతే. ఫలిత బలం సున్నా అయినా కదలిక ఆగదు, మారదు. కదలాలంటే బలం కావాలనుకోవడం పొరపాటు. కదలిక మారాలంటే బలం కావాలి. 1687లో న్యూటన్ ప్రచురించిన నియమాల్లో మొదటిది ఇదే. ఇదే పరీక్షను ఇసుక దారిలో చేస్తే సైకిలు కొన్ని మీటర్లకే ఆగుతుంది. జడత్వం (ఉన్న కదలికలోనే ఉండిపోయే గుణం) మారలేదు, అడ్డుకునే బలం పెరిగింది.

ఇప్పుడు కాలువ వంక చూడండి. కాలువ అడుగు కూడా వాలే, ఎంత కొంచెమైనా. గోళీ వాలులో వడి పెంచుకుంటూ పోయింది. మరి ధవళేశ్వరం నుంచి బయలుదేరిన నీరు దిగువకు వచ్చేసరికి బాణంలా దూసుకురావాలి కదా? అలా రాదు. భూమి నీటిని దిగువకు లాగుతుంటే, అడుగూ గట్లూ అంతే బలంతో వెనక్కి పడుతున్నాయి. రెండు బలాలూ సరితూగిన చోట నీరు ఒకే వడితో పారుతుంది. కొబ్బరికాయను పై ఇరవై మీటర్లలో, కింది ఇరవై మీటర్లలో వేరువేరుగా కొలిచి చూస్తే దాదాపు ఒకే కాలం వస్తుంది. లాకుల దగ్గర నీరు పై మట్టం నుంచి కింది మట్టానికి ఒక్కసారిగా దిగే చోట ఆ సరితూకం తప్పుతుంది, నీరు వడి అందుకోవడం కంటికే కనిపిస్తుంది.

మూడో నియమానికి పడవ చాలు. గెడ వేసేవాడు నేలను వెనక్కి నెడతాడు, నేల గెడను ముందుకు నెడుతుంది, పడవ కదులుతుంది. ఈ రెండు బలాలూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకోవా అని పిల్లలు అడుగుతారు. కొట్టేసుకోవు, ఎందుకంటే ఒకటి నేల మీద, ఇంకొకటి గెడ మీద పనిచేస్తున్నాయి. ఒకే వస్తువు మీదున్న బలాలనే కూడాలి. 60 కిలోల మనిషి కట్టని చిన్న పడవ మీద నుంచి సెకనుకి 2 మీటర్ల వేగంతో రేవు మెట్టు మీదకి దూకితే అతని ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 120. పడవకి వెనక్కి అంతే ద్రవ్యవేగం వస్తుంది. పడవ 120 కిలోలదైతే అది సెకనుకి మీటరు చొప్పున వెనక్కి జరుగుతుంది, దూకేవాడి అడుగు మెట్టుకు అందకపోవచ్చు. ముందు పడవను తాడుతో గుంజకు బిగించాలి, ఆ తర్వాతే ఒక్కొక్కరూ దిగాలి.